ఎత్తు బెల్లం

మొదటి రోజు

ఈరోజు పనిలో చేరాను. పిల్లల వార్డులో పక్కమనిషిని. తుడవడం, కడగడం, ఏడ్చేవాళ్లను ఎత్తుకోవడం నా పని. సాయంత్రం వెళ్లేముందు ఆ రోజు జరిగినవన్నీ గోడకు చెప్పాలట. గోడ విని రాసుకుంటుంది. నన్ను దాని ముందు నిలబెట్టగానే, "పైడమ్మ గారూ, నేటి విశేషాలు నివేదించండి" అంది. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ గారూ అనలేదు. కొంగు నోట్లో పెట్టుకుని నిలబడిపోయాను.

హెప్సిబా సిస్టర్ నవ్వి ఈ పుస్తకం ఇచ్చింది. "రాయడం వచ్చా?"

"అయిదు దాకా చదివానండి."

"చాలు. గోడకి చెప్పడానికి సిగ్గయితే కాయితానికి చెప్పు. కాయితం గారూ గీరూ అనదు."

నాతోపాటు ఈరోజే ఒక పాప కూడా చేరింది. తవిటమ్మ, మూడేళ్లది. గుండెలో చిన్న చిల్లు. నలభై అయిదో రోజున ఆపరేషన్ అని పలక మీద రాశారు. ఆలోగా జ్వరం పోవాలి, కాస్త కండ పట్టాలి. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, ఈమెను పుట్టగానే పక్కింటికి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట. అందుకే ఆ పేరు. ఇదంతా నాయనమ్మ అప్పయ్యమ్మ చెప్పింది. అడక్కుండానే చెప్పింది.

ఆవిడ వార్డులోకి కావడి మోసుకుంటూ వచ్చింది. తలుపు పైనున్న కొక్కేనికి బద్దను నడిమికి కట్టి, ఒక తట్టలో మనవరాలిని కూర్చోబెట్టి, రెండో తట్టలో బెల్లం అచ్చులు ఒక్కొక్కటే పేర్చింది. అచ్చు ఒక కిలో. పన్నెండో అచ్చుకు తట్టలు సమానంగా నిలిచాయి.

"గుంట నవ్వుకుంటా ఇంటికొస్తే ఎత్తు బెల్లం పంచుతానని మొక్కానమ్మా. అందాకా మూట ఇప్పకూడదు" అంది.

"చీమలు పడితేనో?" అంది సిస్టర్.

"ఈ ఊర్ల చీమలెక్కడివి తల్లీ? మనుసులే సాలనేదు."

మూట మందుల బీరువా పైకి ఎక్కింది. ఉయ్యాల కూడా పాపను పన్నెండు కిలోలనే చూపించింది. ఇక్కడ పిల్లలు పడుకునేదే తూకం. పడుకోగానే అంకె గోడ మీద పడుతుంది. వాటిని మంచాలు అంటే సిస్టర్ ఊరుకోదు. ఆసుపత్రి మంచమంటే పిల్లలకు భయమట. ఉయ్యాలలు అనాలి. ఆసుపత్రి జాబితాలో కూడా ఎనిమిది ఉయ్యాలలు అనే రాయించిందట.

మూడో రోజు

ఈరోజు నుంచి ఊరి వేగం పెంచుతున్నారు. ఆకాశంలో తేలే మా ఊరు గానుగలా తన చుట్టూ తాను తిరుగుతుంది కనుకే మా కాళ్లు నేల మీద ఆనుతాయి. ఊరి పేరూ గానుగే. రెండేళ్ల కింద ఇరుసు బాగుచేయడానికి వేగం తగ్గించినప్పటి నుంచి అందరం తేలిగ్గా గెంతుతూ బతుకుతున్నాం. మావ పని చేసేది తిప్పుడు గదిలోనే. మావ అంటే నా మొగుడు. పేరు రాయను.

పొద్దున చద్దన్నం తింటూ, "వారానికి నూటికి రెండు పాళ్లు బరువు పెరగతాదే. ఆరు వారాలు. నువ్వు తిండి మానేసినా ఏటీ లాబం నేదు" అన్నాడు.

"నేను మానేస్తే నీకు వండేదెవరు?" అన్నాను. ఇంట్లో నాకు మాటలు బాగానే వస్తాయి.

పదకొండో రోజు

పిల్లలకు తిండి బండి మీద వస్తుంది. అది పట్టాల మీద వచ్చి ప్రతి ఉయ్యాల దగ్గరా ఇరవై నిమిషాలు ఆగి వెళ్లిపోతుంది. వెళ్లగానే గోడ, "తవిటమ్మకు భోజనము పెట్టడమైనది" అంటుంది. ఈరోజు గోడ ఆ మాట అనేసరికి తవిటమ్మ నిద్రపోతోంది.

అయిదో ఉయ్యాలలో ఉండే కనకానికి ఎనిమిదేళ్లు. కాలు విరిగింది, నోరు విరగలేదు. అచ్చం గోడ గొంతుతో, "పైడమ్మ గారికి సిగ్గు పెట్టడమైనది" అంది. వార్డంతా నవ్వు. నేనూ నవ్వాను.

ఇరవయ్యో రోజు

ఊళ్లో అందరికీ ఒళ్లు భారం. సిస్టర్‌కు మోకాళ్లు, నాకు పిక్కలు. నీళ్ల బక్కెట్టు మూడు వారాల కిందటి బక్కెట్టు కాదు. తవిటమ్మను స్నానానికి లేపితే మొలతాడు జారి మోకాళ్ల దాకా వచ్చింది. ఒక ముడి వేసి బిగించాను.

"సిగ్గు లేదు ఆ తాడుకి" అంది కనకం.

ఇరవై ఎనిమిదో రోజు

ఈ వారం తవిటమ్మను మూడుసార్లు పరీక్షకని పస్తు ఉంచారు. పొద్దున నుంచి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దన్నారు. మూడుసార్లూ మధ్యాహ్నానికి పరీక్ష గది ఖాళీ లేదన్నారు. అప్పటికి బండి వచ్చి వెళ్లిపోయింది. పాప ఏడవనైనా లేదు. నాకు అదే నచ్చలేదు. మొదటి వారం ఎంత గట్టిగా ఏడ్చేదో!

డాక్టర్ వకుళగారు మాత్రం గోడ చూసి సంతోషించారు. "పన్నెండు పాయింటు ఒకటి! మెల్లగా పుంజుకుంటోంది. శభాష్ తవిటమ్మా!" మంచి మనిషి. రోజూ పిల్లల పాదాలు నిమిరిగానీ వెళ్లరు.

ముప్పై అయిదో రోజు

తవిటమ్మ మొలతాడుకు ఇంకో ముడి వేశాను. మొత్తం రెండు.

బక్కెట్టు ఎత్తి దించి, తవిటమ్మను చంకనేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. మొదటి రోజు ఎత్తుకున్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ నా చంకకు అలాగే ఉంది. పిల్ల అంతే ఉందిలే అనుకుని సంతోషపడబోయి ఆగాను. బక్కెట్టు అంతే లేదు కదా. బక్కెట్టులో నీళ్లు అవే, గీత దాకానే పడతాను. అయినా బరువెక్కింది. బియ్యం బస్తా బరువెక్కింది. నా చెయ్యి కూడా బరువెక్కింది. ఈ పిల్ల ఒక్కతే ఎందుకు ఎక్కలేదు?

ముప్పై ఆరో రోజు

అన్నం తినేటప్పుడు మావను అడిగాను. ఊరు బరువెక్కితే తూకాలు తప్పు చెప్పవా అని.

"సెప్తాయి. అందుకే సరిసేసీసినాం. ఆసుపత్రిలో మంచాలన్నిటికీ వారం వారం నూటికి రెండు తగ్గించి సూపించమని మా గది నుంచే ఆర్డరు పోతాది. నేనే పంపుతాను. మీ వార్డులో ఎన్ని మంచాలు?"

"మా వార్డులో మంచాలు లేవు మావా."

"మరి గుంటలు నేల మీద తొంగుంటారా?"

"ఉయ్యాలల్లో."

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలో ముద్ద కంచంలోకి జారింది. తన గదికి కబురు పెట్టి జాబితా తెప్పించుకున్నాడు. మంచాలు రెండు వందల పన్నెండు. ఆర్డరు వాటికే వెళ్లింది. ఎనిమిది ఉయ్యాలలు కింద, సామాన్ల పేజీలో, గిలక్కాయల పక్కన ఉన్నాయి.

"అయితే తవిటమ్మ..."

"పన్నెండని సూపిస్తే నిజానికి పదకొండు కూడా ఉండదే పైడీ."

పై ఆఫీసుకు అప్పటికప్పుడు రాసి పంపాడు. వాళ్లు చూసి, సరే అని, తూకాలు దిద్దేసరికి పది రోజులు పడుతుందట. ఆపరేషన్‌కు తొమ్మిది రోజులే ఉంది. మత్తుమందు పిల్ల బరువును బట్టి ఇస్తారని సిస్టర్ ఒకసారి చెప్పింది. బరువే తప్పయితే? అసలు ఇంత చిక్కిన పిల్ల కోతకు తట్టుకుంటుందా?

"నువ్వే సెప్పాలి డాక్టరమ్మకి" అన్నాడు మావ.

"నేనా!"

"నాతో అయితే గంట కొట్టినట్టు వాగుతావు కదే."

"నువ్వు డాక్టరువి కాదు కదా మావా."

ముప్పై ఏడో రోజు

చెప్పడానికి వెళ్లాను. డాక్టరమ్మ తలెత్తి, "ఏం పైడమ్మా?" అన్నారు. "ఇక్కడ తడి గుడ్డ పెట్టమంటారా అండీ?" అన్నాను. పెట్టమన్నారు. పెట్టాను.

మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. ఈసారి "తవిటమ్మ మొలతాడు వదులవుతోందండి" దాకా చెప్పగలిగాను.

"తాళ్లు సాగుతాయమ్మా" అన్నారు ఆవిడ, ఎంతో నెమ్మదిగా, గోడ మీది అంకె చూపిస్తూ. కసురుకున్నా బాగుండేది, కోపంలో నాకు రెండు మాటలు వచ్చేవేమో. నెమ్మదిగా చెప్పేసరికి ఉన్న మాటలూ పోయాయి. ఉయ్యాలల సంగతి, జాబితా సంగతి గొంతులోనే ఉండిపోయాయి.

పుస్తకం చూపిద్దామంటే, ఇన్ని రోజుల రాతలో మావ సంగతులు కూడా ఉన్నాయి. సిస్టర్‌తో చెప్పిద్దామంటే, ఉయ్యాలలని రాయించింది ఆవిడే.

ముప్పై ఎనిమిదో రోజు

బీరువా దులుపుతుంటే మూట కనిపించింది. చీపురు చేతిలోనే ఉండిపోయింది.

ఊరు తిరిగితే బెల్లం బరువూ పెరుగుతుంది, పిల్ల బరువూ పెరుగుతుంది. ఒకదాని ఎదుట ఒకటి పెడితే? తిరుగుడు రెండింటికీ ఒకటే కదా. కావడికి మా ఊరి వేగంతో పనే లేదు!

అప్పయ్యమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు చెవిలో అడిగాను. ఆపరేషన్‌కు ముందు పాపను ఇంకోసారి బెల్లంతో తూచాలి అని.

"మొక్కు నడిమిన తూసే ఆచారం నేదే."

"మా వైపు ఉందండి" అన్నాను. లేదు. పెద్దవాళ్లతో నేనాడిన మొదటి అబద్ధం ఇదే.

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత మనవరాలి నడుము చూసింది. తాడుకు రెండు ముడులు. వేలితో ఒక్కో ముడినీ తడిమింది.

"ఉంది" అంది. "మా వైపూ ఉందే. ఇప్పుడే గేపకం వచ్చింది. డాక్టరమ్మ ఉండగానే తూయాలి. నేకపోతే దోసం."

ముప్పై తొమ్మిదో రోజు



పొద్దున డాక్టరమ్మ రాగానే అప్పయ్యమ్మ కావడి కట్టేసింది. వేడుక అని పిల్లలంతా కొక్కెం కిందికి చేరారు. కనకం కర్రల మీద గెంతుకుంటూ వచ్చి అందరికంటే ముందు నిలబడింది. డాక్టరమ్మ చేతులు కట్టుకుని నవ్వుతూ చూస్తున్నారు. నేను మూట దించి ఒక తట్టలో పెట్టాను. రెండో తట్టలో తవిటమ్మను కూర్చోబెట్టి చెయ్యి వదిలాను.

బెల్లం కిందికి దిగింది. తవిటమ్మ పైకి లేచింది.

ఉయ్యాల ఊపారనుకుంది పాప. నెల రోజుల్లో మొదటిసారి కిలకిలా నవ్వింది. "పైకీ! పైకీ!" అని చప్పట్లు కొట్టింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లం నలుగురం మాత్రం కొట్టలేదు.

"బెల్లం తడి పీల్చుకుందేమో" అంది సిస్టర్.

"ఈ పొడిగాల్లోనా? ఆరుంటాది. ఆరితే తేలికవ్వాలి గాని ఇలగ కూలబడతాదా?" అంది అప్పయ్యమ్మ.

డాక్టరమ్మ గోడ వైపు చూశారు. గోడ మీద పన్నెండు పాయింటు ఒకటి అలాగే ఉంది. తట్ట వైపు చూశారు. "ఇదెలా?" అని తనలో తాను అనుకున్నారు.

నేను నేల చూస్తూ మొదలుపెట్టాను. "బక్కెట్టు బరువెక్కిందండి. నేను బరువెక్కానండి. సిస్టరుగారు బరువెక్కారు. తమరూ... బరువెక్కారండి." పిల్లలు పగలబడి నవ్వారు. నేను ఆగితే ఇక పూర్తి చేయలేనని తెలుసు, ఆగలేదు. "ఊరంతా బరువెక్కింది. ఈ పిల్ల ఒక్కతే ఎక్కలేదండి. ఆ అంకె పిల్లది కాదు, ఊరిది. తూకాలు సరిచేయమని మంచాలకి చెప్పారండి. మనవి ఉయ్యాలలు."

హెప్సిబా సిస్టర్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

అప్పయ్యమ్మ తనే మూట ముడి విప్పింది. డాక్టరమ్మ వంగి బెల్లం తట్టలోంచి ఒక అచ్చు తీశారు. ఇంకా బెల్లమే మొగ్గింది. ఇంకో అచ్చు పగలగొట్టి అయిదో వంతు ముక్క తీశారు. అప్పుడు తట్టలు సమానమయ్యాయి. ఆవిడ ఆ తీసిన బెల్లం చేతిలో పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయారు.

"కిలో రెండు వందల గ్రాములు" అన్నారు. "పన్నెండు కిలోల పిల్లలో ఇంత. నా కళ్ల ముందే. పైడమ్మా, మొన్న మొలతాడని చెప్పావు కదూ?"

"అవునండి."

"ఈసారి నేను వినకపోతే కొంచెం గట్టిగా చెప్పు."

వంటగదిలోని అచ్చులు కూడా తెచ్చి, మిగతా ఏడుగురినీ బెల్లంతోనే తూచాం. ఆరుగురు తగ్గారు. తగ్గనిది కనకం ఒక్కతే. ఎలాగే అంటే తల వంచుకుని, "బండి ఎలాగూ పట్టుకుపోయేదే కదా, తవిటిది కూడా నేనే తినేశాను" అంది. తర్వాత ఏడ్చింది. డాక్టరమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుని, "నువ్వు తినబట్టే కదే, కంచంలో తిండి ఉండిపోతోందని ఇప్పుడు తెలిసింది" అన్నారు.

ఆపరేషన్ నాలుగు వారాలు వెనక్కి జరిగింది.

నలభయ్యో రోజు

ఇంటి నుంచి తపేలాడు పప్పన్నం, నెయ్యి వేసి మరీ, మోసుకొచ్చాను. డాక్టరమ్మ వాకిట్లోనే ఆపేశారు.

"ఎండిన మొక్కకి బిందెడు నీళ్లు ఒకేసారి పోస్తావా?"

"పొయ్యనండి. వేళ్లు కుళ్లిపోతాయి."

"అంతే. చిక్కిన ఒంటికి ఒక్కసారిగా పెడితే గుండె మీద పడుతుంది. గంటకి ఇన్ని చెంచాలని నేను రాసిస్తాను."

పప్పన్నం అంతా డాక్టరమ్మ, సిస్టరే తిన్నారు. చాలా బాగుందన్నారు.

ఈరోజు నుంచి బండి పిల్ల తినేదాకా కదలదు. పరీక్ష గది ఖాళీ అని కబురొస్తేనే పస్తు. ప్రతి ఉయ్యాల పక్కనా ఒక మనిషి కూర్చోవాలి. గోడ ఇక "పెట్టడమైనది" అంటే చాలదు, "తిన్నది" ఎంతో అడిగి రాసుకోవాలి. ఆ అడిగేది నన్నే. తప్పించుకునే దారి లేదు.

నలభై ఆరో రోజు

"పైడమ్మ గారూ, తవిటమ్మ ఎన్ని ముద్దలు తిన్నది?" అంది గోడ.

"నాలు..." అనబోతుంటే అప్పయ్యమ్మ నా చెయ్యి గిల్లింది. "పిల్ల తిన్న ముద్దలు లెక్కెట్టకూడదే! దిస్టి!"

లెక్క చెప్పకపోతే డాక్టరమ్మ ఊరుకోరు. చెబితే ఈవిడ ఊరుకోదు. చివరికి, "మొన్నటికన్నా ఒకటి ఎక్కువ" అన్నాను. "మొన్న ఎన్ని?" అంది గోడ. "అటు మొన్నటికన్నా ఒకటి ఎక్కువ" అన్నాను. గోడ కాసేపు ఆలోచించి, "నాలుగు అని నమోదు చేయడమైనది" అంది. అప్పయ్యమ్మ గోడకు దిష్టి తీసింది.

గోడతో సిగ్గుపడకుండా మాట్లాడాను అని ఇప్పుడు రాస్తుంటే తెలిసింది.

అరవయ్యో రోజు

తవిటమ్మకు చోడి అంబలి, అదే రాగి జావ, అంటే ఇష్టం. మూతి చుట్టూ పూసుకుని, కళ్లు మాత్రం బీరువా మీది మూట మీదే.

"అది ఎప్పుడు ఇప్పుతావు?"

"నువ్వు దానికన్నా బరువెక్కాక."

"ఇంకో చెంచా పెట్టు."

ఈరోజు ఒక ముడి విప్పాను. తాడు మీద నలిగిన మచ్చ ఉంది. దాన్ని సాగదీసి సరిచేస్తుంటే చక్కిలిగింతలని పాప నన్ను తన్నింది. గట్టిగానే తన్నింది. అందరికీ చూపించుకున్నాను.

డెబ్బై మూడో రోజు

ఆపరేషన్. పొద్దున కావడితో తూచారు, సరిచేసిన ఉయ్యాలతో తూచారు. రెండూ ఒకటే మాట చెప్పాయి. మత్తుమందు ఆ లెక్కనే కట్టారు.

నాలుగు గంటలు. అప్పయ్యమ్మ, నేను వరండాలో కూర్చుని ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. మావ కూడా వచ్చాడు. ఆ నాలుగు గంటలూ ఊరు నిబ్బరంగా తిరిగేలా చూడమని తిప్పుడు గదిలో వాళ్లకు చెప్పి వచ్చాడట. ఊరు ఎప్పుడూ నిబ్బరంగానే తిరుగుతుందని తనకూ తెలుసు.

డాక్టరమ్మ బయటికి వచ్చి నోటి గుడ్డ తీసి నవ్వారు. చిల్లు మూసుకుంది.

తొంభై అయిదో రోజు

తవిటమ్మ ఇంటికి వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందో రాస్తాను.

రెండో ముడి విప్పి చాలా రోజులైంది. ఈరోజు కొత్త తాడు కట్టాల్సి వచ్చింది, పాతది చాలలేదు.

కావడి కట్టారు. ఈసారి పక్క వార్డుల నుంచి కూడా జనం వచ్చారు. ఉయ్యాలల పేరు మార్చి మంచాలు అని రాద్దామని హెప్సిబా సిస్టర్ కొన్నాళ్లుగా అంటోంది. తన వల్లే ఇదంతా జరిగిందని బాధ. మావ ఒప్పుకోలేదు. "పేరు మార్సకండమ్మా, ఆర్డరే మార్సీసినాను. ఇప్పుడు 'మంచాలు, ఉయ్యాలలు' అని పోతాది. నేల మీద పరుసుకున్న సాపలున్నా సెప్పండి, రాసెత్తాను" అన్నాడు.

మూట విప్పి పన్నెండు అచ్చులూ, అప్పుడు తీసిన ముక్కతో సహా, తట్టలో పేర్చాను. రెండో తట్టలో తవిటమ్మ కొత్త గౌనులో ఎక్కి కూర్చుంది. ఆమెకు బాగా జ్ఞాపకం ఉంది. రెండు చేతులూ ఎత్తి, "పైకీ!" అంది.

చెయ్యి వదిలాను. తట్ట నేలకు ఆనింది. బెల్లం గాల్లోకి లేచింది.

"పైకీ..." అంది మళ్లీ. కదల్లేదు. ఒకసారి ఒళ్లు ఊపి చూసింది. తట్ట కదల్లేదు. కింది పెదవి ముందుకు వచ్చింది. మరుక్షణం ఏడుపు అందుకుంది! ఏం గొంతు! మొదటి వారంలో కూడా అంత గొంతు లేదు. కాళ్లు తాటించింది, గౌను పీక్కుంది, ఊరు తిరగడం ఆగిపోతుందేమో అన్నంత గట్టిగా ఏడ్చింది. నిలబడ్డవాళ్లంతా నవ్వుతున్నారు. సిస్టర్ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. డాక్టరమ్మ అయితే గోడకు చేరబడిపోయారు.

"బెల్లం సాలనేదు! ఇంకా తెండర్రా!" అని అప్పయ్యమ్మ కేక.

కనకం ఇప్పుడు కర్రలు లేకుండానే నడుస్తుంది. చూడ్డానికని వచ్చింది. అదే వంటగదికి పరుగెత్తి ఇంకో అచ్చు తెచ్చింది. పగలగొట్టి సగం వేశాం. తట్టలు సమానమయ్యాయి. మిగిలిన సగంలోంచి చిన్న ముక్క విరిచి, ఏడుస్తున్న నోరు తెరిచి ఉండగానే అందులో పెట్టాను.

ఏడుపు ఆగింది. బుగ్గ ఒకటి ఉబ్బింది. నీళ్లు నిండిన కళ్లతో నన్ను చూస్తూ, చప్పరిస్తూ, చెయ్యి చాపింది, ఇంకోటి అని.

సాయంత్రం గోడ అడిగింది. "పైడమ్మ గారూ, నేటి విశేషాలు నివేదించండి."

వార్డంతా ఉంది, అందరూ వింటున్నారు. అయినా తలెత్తి చెప్పాను.

"తవిటమ్మ బెల్లం తిన్నది. ఎన్ని ముక్కలో చెప్పను."